జెడ్ తర్వాత టీ

నాలుగున్నరకే చీకటిపడ్డ టార్టులో
బిల్డ్ మళ్ళీ ఎర్రబడింది.
నా లాప్‌టాప్‌లో మాత్రం పచ్చగా, నిమ్మళంగా,
ఏమీ ఎరగనట్టు.

"నా మిషన్‌లో బాగానే ఉందే" అన్నాను.
హెల్దుర్ తలెత్తకుండానే
"అయితే నీ మిషన్నే లారీ ఎక్కిద్దామా?" అన్నాడు.

మాదేం పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు.
చలికాలం పొయ్యిలకి కట్టెలు పంచే కంపెనీ,
ఎవరింటికెన్ని మోపులు, ఏ వరసలో దింపాలి,
ఆ జాబితా.
సూపిలిన్ పేటలో వీధులకి కూరగాయల పేర్లు:
బఠాణీ వీధి, చిక్కుడు వీధి, బంగాళాదుంప వీధి.
చెక్క ఇళ్ళు, మంచు బరువుకి మూలిగే చూరులు.

మెమరీ చాల్లేదేమోనని పెంచాను. ఎరుపే.
గడియారం తేడా ఏమోనని దిద్దాను. ఎరుపే.
దేవుడిమీద భారం వేసి ఊరికే ఇంకోసారి నడిపాను.
ప్రతిసారీ పదకొండు నిమిషాలు,
పదకొండు నిమిషాలకో కాఫీ,
వేళ్ళు వణికేదాకా.

ఎక్కడో జర్మనీలో, నేనెన్నడూ చూడని హాల్లో
ఒక మిషన్ నా తప్పు చూసి
మూడు ముక్కలు రాసిపడేసి
తానున్న గదిని తానే కూల్చేసుకుంటుంది.
వెళ్ళి చూద్దామంటే గోడలు కూడా మిగలవు.

చివరికి ఆ గదినే తెప్పించుకున్నాను.
అదే ఇమేజ్, అదే కమిట్, ఆఖరి అంకెదాకా అదే.
దానికి రెండు కోర్లయితే నాకూ రెండే.
ఒక్క కమాండ్‌తో కంటైనర్ లోపలికి అడుగుపెట్టాను.
నా రంగుల్లేవు, నా ఎడిటర్ లేదు,
ఎనిమిదేళ్ళుగా పోగేసుకున్న అలవాట్లేవీ
నావెంట గడప దాటలేదు.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు.
నేను వీధినే ఇంటికి తెచ్చాను.

టెస్ట్ నడిపాను.
పడింది ఎర్రగీత!
ఇక్కడ, నా బల్లమీద, నా చేతికింద.
కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.
ఓడినందుకు పండగ చేసుకునే వృత్తి
లోకంలో ఇంకోటి ఉందా?

నీ భాషేమిటని అడిగాను దాన్ని.
'సి' అంది. ఒంటి అక్షరం.
అంటే ఏ భాషా కాదు,
బైట్లు లెక్కబెట్టడమే తప్ప
ఏ ఊరి బడిలోనూ చదువుకోలేదు.

మా అక్షరాల్లో ఎస్ తర్వాత జెడ్,
జెడ్ తర్వాతే టీ.
సెప్, జోబెల్, టేడెర్, ఉయ్‌బో, వాహెర్: ఇది మా వరస.
సెప్, టేడెర్, ఉయ్‌బో, వాహెర్,
అందరూ అయ్యాక జోబెల్: అది దాని వరస.

"టెస్టునే మార్చెయ్, పచ్చబడుతుంది" అన్నాడు హెల్దుర్.
మార్చబోయాను కూడా.
వేలు ఎంటర్ మీద ఉండగా తట్టింది:
అసలు సర్వర్ నడిచేదీ ఈ ఇమేజ్ మీదే కదా.
టెస్ట్ పుట్టి వారమే అయింది.
జాబితా మాత్రం శీతాకాలమంతా
లారీలో ఐవో చేతిలో ఉంది.

ఫిర్యాదుల ఫైలు తెరిచాను.
లైదా జోబెల్, చిక్కుడు వీధి, పన్నెండో నంబరు.
నవంబరులో: తడి కట్టెలు.
డిసెంబరులో: లారీ అడుగున మిగిలిన బెరడు, పొట్టు.
జనవరిలో రెండుసార్లు, కారణం రాయలేదు.
కింద, నా సంతకంతో, మా జవాబు:
"మా సిస్టంలో అంతా సరిగానే ఉంది."

నా లాప్‌టాప్ ఒక్కటే తప్పు చెప్పింది,
తనకి తెలిసిన భాషలో, ముద్దుగా.

ఆ గదికి మా అక్షరాలు నేర్పడానికి
ఒకటే వాక్యం పట్టింది.
లోపల పచ్చ.
బయటికి పంపాను. పదకొండు నిమిషాలు.

కాఫీ పెట్టుకోకుండా ఫోన్ చేశాను.
లొకేల్ సంగతి ఆవిడకేం చెప్పను?
పేర్ల వరస తప్పిందన్నాను.
"బళ్ళో నేనెప్పుడూ టేడెర్ పిల్లకి ముందే నిలబడేదాన్ని" అంది,
తర్వాత కాసేపు దగ్గు.
"ఈసారి పొడివేనా?"

పొడివే, అన్నాను.
బిల్డ్ పూర్తవడానికి
ఇంకా నాలుగు నిమిషాలుంది.