ఖాళీ ఎక్కువున్న పుస్తకం

జీలాంగ్‌లో శనివారం పొద్దున,
ఈతకొలను బయట, కారులో.
హేల బ్యాగులోంచి జారిపడ్డ పుస్తకం తెరిచాను.
హీటరు అద్దాన్ని సగమే తుడిచింది.

మొదట నవ్వొచ్చింది.
పేజీకి పది ముక్కలైనా లేవు,
కాగితం వీళ్లకి ఊరికే వస్తుందా అనుకున్నాను.
లెక్కలు రాసి బతికేవాణ్ణి,
ఖాళీ గడి కనిపిస్తే
ఎక్కడో తప్పు జరిగిందనే నా చదువు.

నవలంట. కానీ నిలువునా దిగుతుంది,
సరిగా కట్టేయని కొళాయిలా,
ఒక్కో చుక్క.
పదిహేనేళ్ల పిల్లాడు. వాళ్లన్న పోయాడు.
వాళ్లమ్మ గరాజులో ఆ సైకిలు చక్రాలకి
ప్రతి ఆదివారం ఇంకా గాలి కొడుతుంది.
నాన్న గురించి ఒక పేజీలో ఒక్కటే వాక్యం:
ఆయన గడ్డి కోస్తున్నాడు.
పేజీ తిప్పాను.
ఇంకా కోస్తున్నాడు.

పుస్తకం మూసేసి కాసేపు
ఎదురుగా యూకలిప్టస్ మీది మాగ్‌పైని చూశాను.
మొన్న మార్చిలో నేను
కంచెకి మూడుసార్లు రంగు వేశాను.
మూడోసారి హేల కిటికీలో నిలబడి
"నాన్నా, ఆరనివ్వు" అంది.
అంతే.

మా ఇంట్లో వల్లరి పేరు
మా తాత ఉత్తరాల్లో అరసున్న లాంటిది.
ఉండాల్సిన చోట ఉంటుంది,
ఎవరూ పలకరు.
బాత్రూం కొక్కేనికి దాని ఈత కళ్లద్దాలు,
పక్కనే మా తువ్వాళ్లు,
తగలకుండా తగిలిస్తాం.

నూట పన్నెండో పేజీ దానంతటదే విచ్చుకుంది.
కాగితం ఉబ్బి, ఎండి, గరుకెక్కి ఉంది.
కొలను నీళ్లనుకుని వాసన చూశాను.
క్లోరిన్ లేదు.
ఏడవని పిల్ల, గట్టిది అని
ఫోనులో ఎంతమందికి చెప్పానో,
అదీ మెచ్చుకోలుగా.

ఆ పేజీలో ఉన్నవి మూడు పంక్తులు.
అవి మీకు చెప్పను, మా అమ్మాయివి.
వాటి కింద తెలుపంతా చదివాను.
చాలాసేపు పట్టింది.

తలుపు తెరుచుకుని ముందు చలి,
వెనక తడిజుట్టుతో హేల.
దొంగలా దొరికిపోయాను.
విసుక్కుంటుందనుకున్నాను,
సీటుబెల్టు లాక్కుంటూ
"ఎందాకా వచ్చావు?" అంది.
చూపించాను.
"తర్వాత వాడు అన్న పేరు పైకి అంటాడు.
బస్సులో. గట్టిగా.
ఎవరూ తల కూడా తిప్పరు."

తాళం తిప్పాను, గేరు మాత్రం వెయ్యలేదు.
వైపర్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు.
"వల్లరికి" అన్నాను.
గొంతు సవరించుకుని మళ్లీ,
"వల్లరికి, ఈ అద్దాల మీద బొమ్మలు గీసే పాడలవాటు."

"ముక్కుల్లేని బొమ్మలు" అంది హేల.
ఆవిరి పట్టిన తనవైపు అద్దం మీద
వేలు ఆనించింది.
ఇంకా గీయలేదు.