లైటు బంద్ చెయ్యి

కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి
గుడారం ఒకటి, దుప్పట్లు నాలుగు,
సర్వప్పల డబ్బా, అంచు వంగిన గంజు,
ఇద్దరు పిల్లలు, మూడు రోజుల సెలవు
మూటగట్టుకొని జన్నారం అడవికొచ్చినం.
ఈయనకు సెలవు దొరకుడంటే
అడవిల పులి కనబడ్డంత.

గేటు కాడ వాచర్ ఆత్రం భీంరావు
మా సామాను చూసి నవ్విండు.
"అడవికి మీరు వస్తున్నరా,
ఇల్లే ఎత్తుకొస్తున్నరా సారూ?"

గుడారం కర్ర ఏది ఏ బొక్కల పోవాల్నో
గంటన్నర పంచాయితీ.
నాలుగువేల టన్నుల బొగ్గు ర్యాకును
వానల, మంచుల గుంజుకపోయే మనిషి
నైలాన్ గుడ్డ ముందల ఓడిపోయిండు.
ఆఖరికి ధరణి, తొమ్మిదేండ్లది,
కాగితం మీది బొమ్మ చూసి నిలబెట్టింది.
జరంత తూర్పుకు ఒరిగింది.
ఒరగనీ అన్నం.

పప్పు అడుగంటింది. పొగవాసన అన్నమే
పిల్లలు మారు పెట్టించుకొని తిన్నరు.
లేత టేకాకు నలిపి అరచెయ్యి ఎర్రగ చేసుకొని
"రక్తం రా!" అని ధరణి ఉరికిస్తే
ఆరేండ్ల సుహాస్ నా కొంగుల దూరిండు.
చీకటి పడ్డంక వాడు మళ్లా
ఆ కొంగు విడువలే.

ఈయనకు నిద్ర రాలే.
"చప్పుడు లేకుంటే ఎట్ల పడ్తది?" అన్నడు
గుడారం కప్పు దిక్కు చూసుకుంట.
అడవి ఈయనకు కొత్తదా అంటే, కాదు.
మంచిర్యాల దాటినంక సిర్పూర్ దాక
వెయ్యిసార్లు చీల్చుకుంట పోయిండు.
హెడ్‌లైటు ఎంత చూపిస్తే
అంతే ఈయన అడవి:
రెండు పట్టాలు, అటింత ఇటింత ఆకుపచ్చ.

రెండేండ్ల కింద, ఓ తెల్లారుగట్ల
పట్టాల నడుమ ఒక దుప్పి
లైటు దిక్కే చూసుకుంట నిలబడ్డదట.
బ్రేకు ఏసినంక బండి ఆగాల్నంటే
కిలోమీటరు కావాలె.
దుప్పికి కిలోమీటరంటే ఏం తెలుసు?
ఇంటికొచ్చి నాకేం చెప్పలే.
బూట్లు బయటనే విడిచి, తానం చేసి, పండుకున్నడు.
నిద్దట్ల హారన్ కొట్టిండు.
నోటితోనే. పొడుగ్గ, మూడుసార్లు.
అప్పుడు అడిగిన.

రాత్రి రెండు గంటలకు
సుహాస్ ఒంటికి పోవాలన్నడు.
ఒక్కన్ని పంపలేక అందరం బయటికొచ్చినం.
చలికి పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్.
వాడు టార్చి అటు తిప్పిండో లేదో
పొదల నడుమ రెండు కండ్లు,
ఆకుపచ్చగ, కదలకుంట,
లైటు దిక్కే.

"నాన్నా," వాడు గొంతు రాని గొంతుతోని,
"హారన్ కొట్టు."

ఈయన చెయ్యి వణికింది, నేను చూసిన.
"లైటు బంద్ చెయ్యి బిడ్డా."
వాడు చెయ్యలే.
ఈయనే వంగి, వాని ఏలు మీద తన ఏలు పెట్టి
వత్తిండు.

చీకటి.
ఇంత చీకటి ఉంటదని
మా క్వార్టర్లల్ల ఎవ్వరికీ తెల్వది.
ఎండిన టేకాకు మీద ఒక అడుగు.
ఆగింది.
ఇంకొకటి.
నిమిషం లేటైతే లెక్క చెప్పాల్సిన మనిషి
గడియారం దిక్కు చూడలే.
పచ్చిగడ్డి వాసన, పశువు వాసన
మా ముందర నుంచి నడుచుకుంట పోయినయ్.

"పోయిందా?"
"పోయింది."
"సిగ్నల్ ఎవలిచ్చిన్రు దానికి?" ధరణి అడిగింది.
ఈయన జవాబియ్యలే.
సుహాస్ నిక్కరు అప్పటికే తడిసింది.
ఎవ్వలం నవ్వలే.

ఆ తరువాత ఈయన గురక పెట్టిండు.
ఆ గురకకు నాకు నిద్ర లేదు, అది వేరే ముచ్చట.

పొద్దుగాల చాయ్ తాగుకుంట
భీంరావు మట్టిల జాడ చూపిచ్చిండు.
"దుప్పి కాదు సార్, మనుబోతు."
ఈయన గొంతుక్కూర్చొని
చాలాసేపు చూసిండు.
చాయ్ సల్లారిపోయింది.
లేచి, ఆ జాడ తొక్కకుండ
చుట్టు తిరిగొచ్చిండు.