చిల్లు లేని గడి

మే నెలలో మొదటిసారి ఆ తలుపు తట్టాను.
సరస్సు గాలికి జాలీ తలుపు టపటపా కొట్టుకుంటోంది.
చేతిలో అట్ట, అట్టకి కాగితం,
చెవి వెనక పెన్సిలు.
ఒహాయోలో ఆ చిన్న కౌంటీ చాలన్నారు మా ప్రొఫెసర్లు.
అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
ఒక్క మెతుకు చాలదూ!

"నవంబరులో ఎవరికి వేస్తారు?"
చేపల గోదాములో లెక్కలు రాసే ఆగస్ట్ రీట్‌మిల్లర్
టోపీ తీసి తల గోక్కున్నాడు.
"ఇంకా చాలా రోజులుందిగా, అమ్మాయ్."

జూన్‌లో పారిస్ పడిపోయింది.
అతని రేడియో వేడెక్కింది, జవాబు మారలేదు.
జులైలో నిమ్మరసం ఇచ్చాడు, జవాబివ్వలేదు.
పక్క వీధిలో మిసెస్ పర్డీకి మాత్రం
ఓటంటే తాతగారి గోడగడియారం.
నాలుగేళ్లకోసారి కీ ఇస్తే చాలు,
ఏ గంట కొట్టాలో దానికే తెలుసు.

రాత్రిళ్లు హోటల్ గదిలో
కోరా కార్డులకి చిల్లులు పొడిచేది.
ఏ చర్చి, ఎంత జీతం, ఊళ్లోనా పొలంలోనా,
ఈ మూడు చిల్లులు చూస్తే
నోరు విప్పకముందే మనిషి సగం తెలిసిపోతాడు.
ఉపన్యాసాలు మార్చింది కొద్దిమందినే,
పక్కింటివాడు కంచె మీద మోచేతులాన్చి అన్న మాట
అంతకన్నా లోపలికి దిగుతుంది.
యంత్రం కార్డుల్ని దడదడా పంచేది.
రీట్‌మిల్లర్ కార్డు ఎప్పుడూ ఆఖరి అరలోనే.

గోడ మీద పిల్లి అనుకున్నాను అతన్ని.
పిల్లికైనా దూకే సుఖం ఉంది.
ఇతను గోడ.
ఇటువైపు లూథరన్ తండ్రి, ఎనభై ఎకరాల మొక్కజొన్న,
అటువైపు కాథలిక్ భార్య, గోదాములో యూనియన్ నేస్తాలు.
"ఎదురెదురు లాగుళ్లు," అన్నారు ప్రొఫెసర్‌గారు, సుద్దముక్క తిప్పుతూ.
"ఇలాంటివాళ్లు ఆలస్యంగా తేల్చుకుంటారు,
లేదా ఆ రోజు గాలం పట్టుకుని సరస్సుకి పోతారు."
నేను సరస్సు అనే రాసుకున్నాను.

నవంబరు రెండోవారం. ఏడోసారి.
మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు, నాకోసమే.
"వేశాను. ఎవరికని తర్వాత అడుగు,
ముందు ఎందుకని అడుగు."
అడిగాను.
"ఆరుసార్లు వచ్చావు. వానలో కూడా వచ్చావు.
ఏడోసారి కూడా నీ ముందు
ఏమీ తేల్చుకోనివాడిలా నిలబడ్డానికి
సిగ్గేసింది."

కాగితమంతా వెతికాను. ఆ జవాబుకి గడి లేదు.
మార్జిన్‌లో రాసి ప్రొఫెసర్‌గారికి చూపించాను.
ఆయన నవ్వలేదు, అది మెచ్చుకోవాలి.
"ఒక్కసారే కలిసిన ఇళ్లు కొన్ని వేరుగా ఉంచాం,
వీటిని వాటితో పోల్చి చూశాం.
సగటులో నీ అడుగుల చప్పుడు వినిపించడం లేదు."
నిజమే అయుంటుంది. సగటుకి మెట్లుండవు,
మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే మనిషీ ఉండడు.

ఆ క్రిస్మస్‌కి ఇంటికెళితే అమ్మ అడిగింది,
"ఇంతకీ నువ్వెవరికి వేశావే?"
పోలింగు రోజు పొద్దుటి నుంచి
అక్టోబరు కాగితాలకి అంకెలు వేస్తూ కూర్చున్నాను.
తలెత్తి చూసేసరికి వీధి దీపాలు వెలిగాయి.
కోరా కాఫీ తెచ్చింది. ఫలితాలు మొదలయ్యాయంది.

ఆరొందల మందికి కార్డులున్నాయి, నాకు లేదు.
నా తలుపు ఎవరూ
ఒక్కసారైనా తట్టలేదు.