ముప్పై రూపాయల దీవి

ఓర్వకల్లు ఇంకా రెండు మైళ్లుందనగా
రోడ్డుకు ఎడమపక్క, నాపరాళ్ల బీట్లో
గ్రీసు దేశపు దీవి ఒకటుండాది.
మనిషికి ముప్పై, కెమెరాకు ఐదొందలు,
పెళ్లి ఫోటోలకైతే ఓనరుతో మాట్లాడుకోవాల.

ఆ తెలుపు నాది.
బేతంచెర్ల సున్నం రెండు రాత్రులు నానేసి
బంక కలిపి మూడు పూతలు పూసినా.
ఆ నీలం మాబుసాది.
గుమ్మటాలు రెండిటికీ ముందు పచ్చరంగే కొట్టినాడు వాడు,
దర్గాలకు కొట్టీ కొట్టీ చేతికున్న అలవాటు.
ఓనరు ఫోన్లో బొమ్మ చూపించి
నీలమప్పా, నీలం! అని మొత్తుకుంటే
పచ్చ మీదనే నీలం ఎక్కించినాడు.
మిట్టమధ్యాన్నం బాగా చూస్తే
అంచుల్లో ఇంకా పచ్చ తొంగిచూస్తాది.

సముద్రం టార్పాలిన్ మీద మోకాటి లోతు.
ట్యాంకరు ఎనిమిదొందలు.
ఎండాకాలం సముద్రం దినం మార్చి దినం వస్తాది,
మా వీధి కొళాయి లెక్కనే.

ఆదివారమైతే ఆటోలే ఆటోలు.
వెల్దుర్తి నుంచి, నన్నూరు నుంచి, డోన్ నుంచి.
నీలం తలుపు ముందర నిలబడతారు
(తలుపు వెనక గది లేదు, కందిచేను),
చల్లద్దాలొకటే, వంతులేసుకుని పెట్టుకుంటారు.
ఒంటిగంటకు చిత్రాన్నం క్యారియర్లు మూత తీస్తే
గ్రీసంతా తిరగమోత వాసన.

మొన్న శ్రావణంలో టార్పాలిన్ చిరిగింది.
సముద్రం రాత్రికి రాత్రే చేన్లోకి పోయింది.
తెల్లారి చూస్తే నా తెల్లగోడ మీద
జానెడెత్తున
ఎర్రమట్టి గీత.

పూసెయ్యి సుంకన్నా, సాయంత్రం పార్టీ ఉందన్నాడు ఓనరు.
కుంచె ముంచినా. చెయ్యి లేవలే.

ఆ గీత నాకు తెలుసు.
రెండువేల తొమ్మిది అక్టోబరు, బుధవారపేట.
హంద్రీ ఒకపక్క, తుంగభద్ర ఒకపక్క,
మా మిద్దె ఒక దీవి. వాహిదక్కోళ్ల మిద్దె ఒక దీవి.
నడుమ చీరెలు ముడేసి, గంపలో
రొట్టెలిటు, బెల్లంగడ్డ అటు.
కింద వీధిలో సైకిలు మీద పోవాల్సిన చోట
ఎవరిదో బర్రె ఈదుకుంటా పోయింది,
కొమ్ములు మటుకే కనపడతా.
పైనుంచి పొట్లాలేసినారు. సగం నీళ్లల్లోకే.
రెండు రాత్రులు, మూడు పగళ్లు,
ఏ దీవిలోనూ దీపం లేదు.

నీళ్లు తీసినాక వ్యాన్లలో వచ్చినారు జనం
మమ్మల్ని చూసిపోవడానికి.
బ్రిడ్జీ మీద నిలబడి పిల్లోళ్లకు చూపించినారు, అదిగో అని.
అప్పుడు టికెట్టు లేదు.

ఆ ఏడు దొరికినంత పని నాకు మళ్లా దొరకలే.
ఎన్ని ఇండ్ల గీతలు పూసేసినానో లెక్క లేదు.
మా ఇంట్లో మటుకు గోడగడియారం కిందుగా
అట్లనే పెట్టుకున్నా. ఎందుకో అడిగితే చెప్పలేను.

సాయంత్రం పార్టీ రాలే.
మరుసటి ఆదివారం కోడుమూరు నుంచి ఉరుకుందమ్మ అనే అవ్వ,
మనవడు మద్దిలేటి చెయ్యి పట్టుకుని వచ్చింది.
గుమ్మటాలు చూడలే, తలుపు చూడలే.
గోడ దగ్గర వంగి గీత మీద వేలు పెట్టి
ఈ దేశానికి గూడా ఏరొచ్చిందా నాయనా, అనింది.
ఎంతమంది పోయినారు?

నేను మాబుసా మొగం చూసినా.
వాడు నిచ్చెన మీద నుంచే చెప్పినాడు:
ఎవురూ పోలేదవ్వా.
ఈడ కాపురముండేవాళ్లు లేరు.

అట్లనా, అనింది.
చెప్పులు ఇప్పి పక్కపక్కన పెట్టింది.
చీర మోకాళ్లకు ఎత్తిపట్టి
కొత్త టార్పాలిన్ సముద్రంలోకి దిగి
దా మద్దిలేటీ,
సల్లగుండాయి, అనింది.