గొంతు కొలత

మా ల్యాబులో ఒక గొంతు ఉంది.
స్టీలుది. బొటనవేలంత లోతు, ఏటవాలు అడుగు.
మూడేళ్ళు నిండని బిడ్డ గొంతు ఎంతుంటుందో
ఎవరో ఎక్కడో కొలిచి, తొలిచి పంపించినారు.
అది ఏడవదు. దగ్గదు.
సాయంత్రం గుడ్డతో తుడిచి సొరుగులో పెడితే
పొద్దున దాకా నోరు తెరుచుకునే ఉంటుంది.

గాజులమండ్యం ఎస్టేటులో మూడో షెడ్డు మాది.
పక్క షెడ్డులో మామిడి గుజ్జు డబ్బాలకెక్కుతుంది.
ఆ తీపి వాసనలో కూర్చుని నేను
రోజంతా బొమ్మల్ని పాడు చేస్తాను.
నడుమెత్తు నుంచి అయిదుసార్లు కింద పడేస్తాను,
చక్రాన్ని మెలిపెడతాను,
తోక పట్టి లాగి పది సెకన్లు లెక్కపెడతాను.
బిడ్డలు చేసే పనులే.
కాకపోతే నేను జీతానికి చేస్తాను,
చేసిందంతా రిజిస్టరులో రాస్తాను.

ఆ సోమవారం నీలం ఏనుగు.
కన్నుకు కొక్కెం తగిలించి లాగితే
తొంభై న్యూటన్లు ఓర్చుకోవాల్సింది
నలభై దాటకముందే టిక్కుమని ఊడొచ్చింది.
గొంతులో వేసినాను.
ఏ తొందరా లేకుండా జారి, అడుగున
వెల్లకిలా పడుకుని నావైపే చూసింది.

ఏకాంబరం వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.
"ఒక కన్నే గదమ్మా! రెండు వేల డజన్లు దించేసినా.
నువ్వంత బలంగా లాగితే నా కన్నయినా ఊడొస్తాది."
షంషాద్ మేడమ్ నవ్వింది. నేనూ నవ్వినాను.
సంతకం మాత్రం పెట్టలేదు.

పది సెకన్లు లెక్కపెట్టేటప్పుడు నేను
పాకాల పక్కన మా ఇంట్లోకి పోతాను.
చెనిక్కాయలు ఒలిచే కాలం, ఇల్లంతా గింజలే,
చాప కింద, చేటలో, తమ్ముడి పిడికిట్లో.
చెంగమ్మవ్వ గింజను పంటితో బద్దలు చేసి
బద్దను వేళ్ళతో నలిపి
అప్పుడు గానీ వాడి నోట్లో పెట్టేది కాదు.
అయినా ఒకరోజు వాడు
నవ్వుతా నవ్వుతా ఆగిపోయినాడు.
ఏడుపు లేదు. దగ్గు లేదు.
ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.
అవ్వ వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని
తల కిందికి వంచి వీపు చరిచింది.
అయిదో దెబ్బకు గింజ గచ్చు మీద పడి దొర్లింది.
ఢిల్లీబాబు ఇప్పుడు లారీ తోలతాడు, తొంభై కేజీలు.
అవ్వ మాత్రం పోయేదాకా
ఏ గింజ రాలిన చప్పుడైనా ఉలిక్కిపడి
ముందు పిల్లల్ని లెక్కపెట్టుకునేది.

శనివారం సాయంత్రం, తిరుపతి బస్టాండు ముందర
టార్పాలిన్ పట్ట మీద నీలం ఏనుగులు,
వరసలు వరసలుగా నన్నే చూస్తా.
కొత్త గుండు మీద గంధం ఆరని పిల్లోడొకడు
అమ్మ చంకలోంచి చెయ్యి చాచినాడు.
యాభై అంటే నలభైకి బేరం తెగింది.

చెప్పాలి. ఏమని చెప్పాలి?
రిపోర్టు నెంబరు చెప్పాలా? న్యూటన్లు చెప్పాలా?
"ఒక్క నిమిషమక్కా" అని ఏనుగును తీసుకుని
గోటితో ఒక కన్ను, పంటితో ఒక కన్ను
పీకేసినాను.

"నీకేమన్నా పిచ్చా?" అనింది ఆమె.
"డబ్బులు కట్టిపో" అన్నాడు పట్టవాడు.
కట్టినాను. ఏ మాటా సరిగ్గా రాలేదు నాకు,
గొంతులో ఏదో అడ్డంపడినట్టు.
పిల్లోడొక్కడే ఏమీ అనలేదు.
గుడ్డి ఏనుగు తొండం నోట్లో పెట్టుకుని
చొంగ కారుస్తా చప్పరిస్తా ఉన్నాడు.
తొండం గట్టిదే. లాగి చూసిందే.

రేణిగుంట బస్సు కదిలింది.
ఆధార్ కార్డు కోసం పర్సు తెరిస్తే
చిల్లర మధ్యలోంచి రెండు కళ్ళు.
కిటికీలోంచి పట్ట ఇంకా కనబడతా ఉంది,
అరవై ఏనుగుల దాకా.
"ఎన్నమ్మా?" అన్నాడు కండక్టరు.
నూట ఇరవై అన్నాను.