తరుగు

రువిల మూడో అంతస్తు. లిఫ్టు నడవని దినాలే ఎక్కువ.
పొద్దుగాల ఏడింటికి నేనే తాళం తీస్త,
ఏసీ వేస్త, అద్దాల తలుపు మీద నిన్నటి చేతులు తుడుస్త.
మార్కెట్ తెరిచేలోపు చాయ్ మరగాలె,
ఇలాచీ దంచి, డబ్బా పాలు ఒక చెంచా ఎక్కువ.

శశిభూషణ్ సారుకు రెండు ఫోన్లు.
నల్లది బల్ల మీద ఉంటది, అందరికీ వినబడేటట్టు మోగుతది.
రెండోది సొరుగుల. అది మోగదు, వణుకుతది.

నల్ల ఫోన్ల సారు తెలుగు వెన్నపూస:
"కొనెయ్ తమ్ముడూ, సిమెంటు కంపెనీ,
నెల తిరక్కుండా నువ్వే స్వీట్లు తెస్తావు."
సొరుగు ఫోన్ల ఇంగ్లీషు. పొడిగ, చిన్నగ.
అండ్ల నాకు రెండే మాటలు తెలిసినయి.
అమ్మెయ్. నావన్నీ.

నాకు షేర్లు తెల్వయి.
కని జగిత్యాల మార్కెట్ యార్డుల
మా నాయిన వెంబడి వడ్ల బస్తాల మీద పండుకున్నోణ్ణి.
దడువాయి కాంట పెడుతుంటే
అడ్తిదారు వేలు తాకియ్యడు, ఊకె చూస్తడు,
ముల్లు ఆడనే ఆగుతది.
బస్తాకు రెండు కిలోల తరుగు.
ఎందుకంటే, తేమ అంటడు.
వారం దినాలు ఎండల కాగిన వడ్లకు
తేమ ఏడికెల్లి వచ్చిందో మా నాయిన అడగలె.
అడిగినోని కుప్ప పొద్దూకెదాక కాంట ఎక్కది.

కంచె చేను మేస్తదని అంటరు గద,
ఇక్కడి కంచె టై కట్టుకున్నది,
చేను పక్కపొంటి కూసోని
ఎప్పుడు పండాల్నో సలహా చెప్తాంది.

గురువారం సందెల మావోళ్లు వస్తరు.
పెద్ద ఖాతాలకు బంగారు అంచు గ్లాసులు,
వీళ్లకు కాగితం కప్పులు. అది సారు నేర్పిన లెక్క.
రైల్వేకోడూరు ఓబులమ్మ అరబ్బింట్ల వంట చేస్తది,
కొంగు ముడి పండ్లతోని ఇప్పి
నోట్లు బల్ల మీద సాపు చేసి పెట్టింది,
ఇస్త్రీ చేసినట్టు.
"ఇందులో నాకేం లేదమ్మా, మీ మంచి కోసమే."
ఆయన వెనుక గోడకు ఫ్రేము:
ఖాతాదారు లాభమే మా లాభం.
దాన్ని రోజూ నేనే తుడుస్త. అక్షరాలు అరగలె.

ఇగ రాజలింగం ముచ్చట.
మా రూముల కింది మంచం ఆయనది. టైల్సు మేస్త్రి.
మోకాళ్ల మీద మూడేండ్లు పాకి
తొమ్మిది వందల రియాళ్లు కూడబెట్టిండు.
సారు తాన్కి తీస్కపోయింది నేను.
మనిషికి ఐదు రియాళ్లు ఇస్తడు సారు నాకు,
కవర్ల పెట్టి, చాయ్ ట్రే కింద.

లిఫ్టు ఆ దినం గూడ నడుస్తలేదు.
రెండో అంతస్తు మలుపుల దమ్ము తీసుకుంట
రాజలింగం నా భుజం పట్టుకున్నడు.
"నీ పైసలు గూడ పెట్టినవా?"
పెట్టిన, అన్న.
ఆ వారం సొరుగు రెండుసార్లు వణికింది,
నా చేతిల ట్రే ఉంది, నేను ఇన్న.

ఐదు రియాళ్లు.
తేమ అనుకున్న.

ఇరవై ఒక్క రోజులకు తొమ్మిది వందలు నూట పది అయినయి.
"మార్కెట్ కదా తమ్ముడూ, మన చేతుల్లో ఏముంది"
అన్నడు సారు, చేతిల నల్ల ఫోను పట్టుకోని.
రాజలింగం కాగితం కప్పు ఖాళీ చేసి,
సగానికి మడిచి, మళ్ల మడిచి,
చెత్తబుట్ట ఏడుందని నన్ను అడిగిండు.

మెట్లు దిగుతుంటే నన్నే ఓదార్చిండు.
"నీయి ఎన్ని పోయినయి?"
నేను చెప్పులు చూసుకుంట దిగిన.

ఆ రాత్రి వంట వంతు నాది.
"నువ్వు పండుకో, నీకు గూడ దెబ్బే గద" అని
ఆయనే వండిండు. పప్పు, ఎల్లిపాయ పోపు.
పళ్లెం నా ముందట పెట్టి
ఉప్పు సరిపోయిందా అని అడిగిండు.

సరిపోయింది, అన్న.

అండ్ల ఉప్పే లేదు.