చేతుల లెక్క

ఆగస్టు మొదటి సోమవారం.
ఇంకా ఏడు కూడా కాలేదు,
కాన్సస్ ఎండ అప్పుడే హెల్మెట్లలో ఉడుకుతోంది.
సామాన్ల గది తలుపు తీసి
గ్లవ్స్ పెట్టె బల్ల మీద బోర్లించాను.

కోచ్ డన్‌లీవీ కాగితం పట్టుకొచ్చాడు.
నిలువునా గళ్లు: వేగం, ఎత్తు, దూకు, పట్టు.
"రిసీవర్లు ఎలా ఉన్నారు వెండెల్, ఈ ఏడు?"
ముప్ఫయ్యొక్క ఏళ్లలో ముగ్గురు కోచ్‌లు అడిగారీ మాట.
ఒక్కడూ నా జవాబు రాసుకోలేదు.

నాకు గళ్లు రావు.
చేతులు వచ్చు.
నా కుడిచేతికి మూడే వేళ్లు,
మిగతావి పందొమ్మిదో ఏట గడ్డికట్టల మిషన్ తీసుకుంది.
అందుకేనేమో
ఎదుటివాడి చెయ్యి చూడందే మొహం చూడను.

రెన్విక్ టాలివర్.
నలభై గజాలకి నాలుగున్నర సెకన్లు కూడా పట్టవు.
గాలి కూడా వాడి వెనక రొప్పుతుంది.
కానీ బంతి రాకుండానే పరుగందుకుంటాడు,
వడ్డించకముందే చెయ్యి కడుక్కున్నట్టు.

ఐసమ్ పెట్వే పొట్టి.
సంతలో జనం మధ్యనుంచి
ఐస్‌క్రీం కోనుతో బయటపడే పిల్లాడిలా వస్తాడు,
ఒక్క చుక్క ఒలకదు.
వాడికి పిల్లల సైజు గ్లవ్స్ తెప్పించి
చీటీ మీద 'మీడియం' అని నేనే రాస్తాను.
ఈ సంగతి వాడికీ నాకూ తప్ప
పోస్టు బండి ఆవిడకి తెలుసు.

కొత్తపిల్లలు ముగ్గురు.
పేర్లింకా నోరు తిరగలేదు,
నుదుటి మీద టేపు చూసి పిలుస్తున్నాను.

ఇక టైట్ ఎండ్‌లు.
టైట్ ఎండ్ అంటే సగం గోడ, సగం కిటికీ.
బ్రెకెన్ స్టాల్‌కి కిటికీగా ఉండటమే ఇష్టం.
ఆరడుగుల ఆరంగుళాలు, ఫొటోలో బావుంటాడు.
పోయిన సీజన్ చివర్న గ్లవ్స్ తిరిగిచ్చాడు,
పెళ్లిబట్టల్లా మడత నలగలేదు.

టవీటా లెయోటా గ్లవ్స్ చూడండి.
బంతి పట్టేవాడివి వేళ్ల కొసల్లో అరుగుతాయి,
అడ్డం నిలబడేవాడివి అరచేతి మొదట్లో చిరుగుతాయి.
లెయోటావి మణికట్టు దాకా చిరిగాయి.
పదకొండు ఆటల్లో వాడు పట్టింది తొమ్మిది బంతులు.
వాడి భుజం పక్కనుంచి దూసుకుపోయి
ఇంకొకడు పేపర్లో కెక్కిన సార్లు
ఎన్నో నేను లెక్కపెట్టాను.
కాగితంలో దానికి గడి లేదు.

కార్విన్ ఆబ్‌షైర్ దగ్గర
కోచ్ పెన్సిల్ ఆగింది.

పోయిన నవంబర్, ఆఖరి నిమిషం, ఎండ్ జోన్.
బంతి చేతులకి అందింది,
చేతులే బంతికి అందలేదు.
ఊరికి చెయ్యిచ్చాడన్నారు పెట్రోలు బంకులో.
చేతకానివాడన్నారు చర్చి మెట్ల మీద.
వాడి తాతకి గుండు గీసే మంగలి
గీస్తూ గీస్తూ ఆ బంతి కథే చెప్పాడట.

వేసవంతా రాత్రి పదికి వచ్చేవాడు.
మైదానం లైట్లు వేస్తే బిల్లు అడుగుతారని
నా ట్రక్కు దీపాలు వేసి
బంతులు విసిరే మిషన్‌కి నేనే మేత వేసేవాణ్ణి.
గ్లవ్స్ ఇస్తే వద్దన్నాడు.
రాత్రికి రెండొందలు.
దీపాల వెలుగులో పురుగులు, దాటితే చీకటి.
నాకు వాడు కనిపించేవాడు కాదు,
చప్పుడే లెక్క.
పట్టిన బంతి ఒక్కసారే పలుకుతుంది.
జారింది గడ్డిలో
ఇంకో రెండుసార్లు గొణుగుతుంది.

జులై ఆఖర్న ఒక రాత్రి
"ఎన్ని పోయాయి?" అన్నాడు.
ఏడు, అన్నాను. రెండొందల్లో ఏడంటే చాలా గొప్ప.
కాసేపు బూటుతో గడ్డి గీకాడు.
"ఆ రోజు పోయింది ఒక్కటే" అన్నాడు.

ఇదంతా కోచ్‌కి చెప్పలేదు.
"ఆబ్‌షైరా? బానే ఉన్నాడు" అన్నాను.
పట్టు అన్న గడిలో ఆయన
చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి వరస కట్టారు కుర్రాళ్లు.
ఆబ్‌షైర్ అందరికన్నా వెనక.
మూడేళ్ల అలవాటుగా లార్జ్ జత తోశాను.
వేళ్లు దూర్చాడు, సగంలో బిగిసింది.
పిడికిలి మూసి తెరిచాడు.
కణుపులు ఉబ్బి, చర్మం కాయకట్టి...
"ఒక సైజు పెద్దది ఉందా?" అన్నాడు,
తప్పు చేసినవాడిలా.

ఉంది.
పెట్టె అడుగున వెతికి ఇచ్చి
నా పుస్తకంలో
వాడి పేరు పక్కన పాత అంకె కొట్టేశాను.